ఒక్క కొమ్ము తేడా

నాచారంలో చర్చి వెనక సందులో ఎస్తేర్ వాళ్ళది రేకుల ఇల్లు. ఆ ఇంట్లో మనుషులు ఇద్దరు, పిల్లులు ఇద్దరు. బడిలో అయితే పంతులమ్మ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, మనుషులు ఇద్దరు, పిల్లులు రెండు అని దిద్దేది. కానీ ఆ ఇంట్లో దిద్దేవాళ్ళెవరూ లేరు. ఆ మాట అలాగే స్థిరపడిపోయింది.

మొదట అన్నది ఎస్తేర్ తల్లి. ఆమె మంచాన పడ్డ ఏడాదే ఎస్తేర్ తొమ్మిదో తరగతి మధ్యలో మానేసింది. వంట, మందులు, తల్లికి ఒళ్ళు తుడవడం, కాస్త ఖాళీ దొరికితే చీరలకు ఫాల్స్ కుట్టడం, ఇదే ఆ పిల్లకు బడి అయింది. ఆ రోజుల్లోనే బకెట్ల కంపెనీ గేటు ముందు ఒక తల్లిపిల్లి లారీ కింద పడింది. పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఈ పిల్లి ఇంకా ఎన్నో ఇంటికి తిప్పుతూ ఉందో ఏమో, దారిలోనే పోయింది. ఆ కంపెనీలో పనిచేసే ఎస్తేర్ తండ్రి జోసఫ్, షిఫ్టు దిగి వస్తూ మోరీ పక్కన కుయ్యిమంటున్న కూనల్ని చూశాడు. టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని, దాని సంచిలో కూనల్ని వేసుకొచ్చాడు.

వాటికి ఇంకా కళ్ళు తెరుచుకోలేదు. ఎస్తేర్ దూదివత్తిని పాలలో ముంచి నోట్లో పెట్టింది. వెచ్చగా ఉంటుందని తల్లి కాళ్ళ దగ్గర దుప్పటి మడతలో పడుకోబెట్టింది. తెల్లారి లేవగానే తల్లి అడిగిన మాట, "ఇద్దరు బతికున్నరా బిడ్డా?" అని. మరునాటి నుంచి అది "ఇద్దరు తిన్నరా?" అయింది. పేర్లు పెట్టింది కూడా ఆమే. ఎర్రటి మగకూన దావీదు, బూడిద చారల ఆడకూన రూతు. ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు బైబిలు పేర్లు పిల్లులకా అని నొచ్చుకున్నాడు. "నా కాళ్ళు సల్లబడకుండ సూస్తున్నరు అయ్యగారూ. దేవుడేమనుకోడు," అందామె. ఆమె పోయేదాకా ఆ కాళ్ళను వెచ్చగా ఉంచింది వాళ్ళిద్దరే. తర్వాత ఆ ప్రశ్న జోసఫ్ నోటికి వచ్చింది. ఇంటికి రాగానే, చెప్పులు విడవకముందే, "ఇద్దరు తిన్నరా?" అంటాడు. మనిషి అంతకు మించి మాట్లాడడు.

ఎస్తేర్ అంతకంటే తక్కువ. కిరాణా దుకాణంలో సబ్బు కావాలన్నా వేలితో చూపించేది. ఫాల్స్ కుట్టించుకునే ఆడవాళ్ళు రంగు తప్పయిందని కసిరితే, తప్పు వాళ్ళదైనా తలవంచుకుని విప్పి మళ్ళీ కుట్టేది. అయితే కళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. ఎవరి నడక ఏ రోజు మారిందో, ఎవరి నవ్వు లోపల ఏముందో ఆమెకు తెలిసిపోయేది. పిల్లులతో బతికే వాళ్ళకు అబ్బే విద్యే అది. నోరులేని వాటి మనసు తోక చూసి, చెవులు చూసి తెలుసుకోవాలి కదా.

ఆమె ఇష్టంగా నిలబడి మాటలు వినే చోటు ఒక్కటే ఉంది. అది తారామణి చేపల బండి. ఆదివారం ఆరాధన అయ్యాక ఎస్తేర్ అటే పోయేది. తారామణి చేపలు కోయగా మిగిలిన తలలు, తోకలు పారెయ్యదు. పిల్లులున్నవాళ్ళ కోసం కవర్లలో కట్టి పెడుతుంది. అందుకని నాచారంలో పిల్లుల్ని పెంచేవాళ్ళందరికీ ఆ బండి కలుసుకునే చోటైంది. ఒకరి పిల్లి బీరువా మీద ఈనిందంటే, ఇంకొకరి పిల్లి పెళ్ళికొడుకు తలపాగాలో నిద్రపోయిందని చెబుతారు. వాళ్ళలో పెద్దమనిషి విశ్వనాథం, రిటైరైన బ్యాంకు గుమాస్తా. గుంటూరు వైపు నుంచి వచ్చి ఎప్పుడో ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. పుట్టాక చేప ముట్టని మనిషి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని బండి దగ్గరికి వస్తాడు.

"ఇది నాకు కాదమ్మా, మా పిల్లికి," అని ప్రతి వారమూ చుట్టూ ఉన్న వాళ్ళకు వినపడేలా చెబుతాడు.

"ఎరికేనయ్యా సారూ," అంటుంది తారామణి కత్తి ఆపకుండా. "మొన్న మసాల అడిగింది గూడ మీ పిల్లే గద."

"సారూ, ఇప్పుడు గొడవలైతున్నయ్ గద. మీ పిల్లి ఆంధ్రదా, తెలంగాణదా?" అని ఇంకోసారి అడిగింది.

"నాచారంలో పుట్టింది, నాచారం ఎలుకల్ని తింది. పక్కా ముల్కీ!" అన్నాడాయన. ఎస్తేర్ కవరు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. ఆమె వాటా ఎప్పుడూ ఆ నవ్వే. తన ఇంటి కథ ఒక్కటీ ఆమె అక్కడ చెప్పలేదు.

అది సకల జనుల సమ్మె జరుగుతున్న ఏడు. డిపోల్లోంచి బస్సులు కదలడం లేదు, బడులకు తాళాలు. అప్పుడే రేకుల ఇంటి ఓనరు వచ్చి, జాగా బిల్డరుకు ఇచ్చేశానని, దసరా దాటగానే రేకులు విప్పుతారని చెప్పిపోయాడు. జోసఫ్‌కు సెలవు దొరకదు. ఇల్లు వెతికే పని, కిరాణాలో సబ్బు పేరు పలకలేని ఎస్తేర్ మీద పడింది.

తిరిగింది. హబ్సిగూడలో గదులన్నీ హాస్టళ్ళకే ఇస్తామన్నారు. కాప్రాలో ఒకాయన అన్నీ కుదిరాక, చివర్లో పిల్లుల మాట వినగానే గేటు వేసేశాడు. మల్లాపూర్‌లో ఒకావిడ, "పిల్లులా? రేపు కుక్కలంటవు, ఎల్లుండి బర్రెలంటవు," అంది. దాంతో ఎస్తేర్ ఒక నియమం పెట్టుకుంది. గడప దగ్గరే, మొదటి మాటగా పిల్లుల సంగతి చెప్పెయ్యాలి. కాదంటే అక్కడి నుంచే తిరిగి రావచ్చు.

ఆ నియమంతోనే ఉప్పల్ డిపో వెనక సత్తమ్మ ఇంటికి పోయింది. కింద సత్తమ్మా, ఆమె కొడుకు తిరుపతీ ఉంటారు. తిరుపతి పోచారం ఐటీ కంపెనీకి క్యాబు నడుపుతాడు. మీద గది, వంటిల్లు ఖాళీ. ఆ సమయానికి పక్క ప్లాటులో బోరు వేస్తున్నారు. సందంతా హోరు. సత్తమ్మ గుమ్మంలో చేట పట్టుకుని నిలబడింది. ఎస్తేర్ ఊపిరి బిగబట్టి, తన మటుకు తను అరిచినట్టే చెప్పింది.

"అమ్మా, ముందుగాలనే చెప్తున్న. మాకు పిల్లులున్నరు. ఇద్దరు."

ఎస్తేర్ అన్నది పిల్లులు. బోరుబండి హోరులో సత్తమ్మ చెవికి చేరింది పిల్లలు. రాతలో చూస్తే ఒక్క కొమ్ము తేడా. పైగా "ఉన్నరు, ఇద్దరు" అన్నాక ఎవరు మాత్రం పిల్లులనుకుంటారు?

"ఉండనీ బిడ్డా! ఉంటేనే ఇల్లు. లేకుంటే బొందల గడ్డ. లోపలికి రా," అంది సత్తమ్మ.

ఎస్తేర్ గడప దగ్గర చెప్పులు విడిచింది. ఇన్నాళ్ళకు పిల్లుల మనిషి దొరికింది! సత్తమ్మ ఆమె మెడ వైపు, కాలివేళ్ళ వైపు చూసింది. పుస్తెలు లేవు, మెట్టెలు లేవు.

"నీకింక పెండ్లి గాలే గద. మరి వీళ్ళు?"

"తల్లి లారీ కింద పడి సచ్చిపోయిందమ్మా. కండ్లు తెరవకముందే నా దగ్గరికొచ్చిన్రు. దూదివత్తితోని పాలు పోసి పెంచిన."

"అయ్యో దేవుడా! తండ్రి?"

"తండ్రెవరో ఎవరికెరికమ్మా."

సత్తమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. చేట కింద పెట్టేసింది. "పేర్లేంది బిడ్డా?"

"దావీదు, రూతు."

"అల్లరి జేస్తరా?"

"రూతు మంచిది. దావీదే జర గోడలెక్కుతడు."

"మొగ పోరడు గోడలెక్కక నువ్వెక్కుతవా! ఏం తింటరు?"

"చేపలుంటే సాలమ్మా. ఇంకేమడగరు."

సత్తమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తాళంచెవి తెచ్చి ఎస్తేర్ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "నీ వయసుకు నీకేం ఖర్మ బిడ్డా ఇది. వేరేటోళ్ళు అనాథాశ్రమంల ఇడిసేటోళ్ళు. ఇల్లు నీదే పో. సమ్మె అయిపోయి బడులు తెరిచినంక ఇద్దర్ని ఈడ సర్కారు బడిల ఏద్దాం. పెద్దసారుతోని నేను మాట్లాడ్త."

బడి అనేసరికి ఎస్తేర్‌కు వెలిగింది. "అమ్మా, వాళ్ళు..." అని నోరు తెరిచింది. బోరుబండి మళ్ళీ హోరెత్తింది. సత్తమ్మ అప్పటికే గోడ మీది నుంచి ఎదురింటావిడను పిలుస్తోంది. "ఓ పద్మావతీ! ఇటు రా, ఈ పిల్ల కత ఇను!" ఎస్తేర్ గొంతు ఎప్పటిలాగే లోపలే ఆగిపోయింది. తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని, దొంగతనం చేసినదానిలా సందు దాటింది.

ఇంటికి వచ్చి తండ్రికి చెప్పింది. జోసఫ్ చెప్పుల వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఇల్లు దొర్కుడే ఎక్కువ బిడ్డా," అన్నాడు. "ఆమెకేం చెప్పకు. పిల్లలు వాళ్ళ నాయనమ్మ తానికి పోయిన్రందాం. వీళ్ళను నేను కాప్రా చెరువు దిక్కు ఇడిసొస్త. ఆడ చేపలుంటయ్."

ఆయన మాటలో కటువు లేదు. అలసట ఉంది. రూతు వచ్చి ఆయన పాదం మీద గడ్డం పెట్టుకుంది. ఆయన పాదం కదపలేదు. ఎస్తేర్ అది చూసింది. చూసి, ఆయనతో వాదించడం దండగ అనుకుంది. ఆయన మనసు ఆ పాదంలోనే ఉంది. నోరు మాత్రం ఇల్లు లేదన్న భయంతో మాట్లాడుతోంది.

ఆదివారం తారామణి బండి దగ్గర ఎస్తేర్ మొదటిసారి నోరు విప్పింది. మాట మాటకూ ఆగుతూ, నేల చూస్తూ, మొత్తం చెప్పింది. "తండ్రెవరో ఎవరికెరిక" దగ్గరికి వచ్చేసరికి తారామణి కత్తి వదిలేసి బండి చక్రం పట్టుకుని కూలబడింది. నవ్వి నవ్వి ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారాయి.

"అమ్మో, నా పక్కటెముకలు! ఇన్ని దినాలు ఇంత కత కడుపుల పెట్టుకొని ఎట్లున్నవే?" అని, కళ్ళు తుడుచుకుని గొంతు తగ్గించింది. "ఇగో ఇను. ముందుగాల ఇంట్ల జొరబడు. మెల్లగ ఒకదాన్ని, ఎన్కసీర ఒకదాన్ని తీస్కపో. సూసినంక ఎల్లగొడ్తదా ఏంది? లేకుంటే నాకియ్యి. ఈ బండి కింద బతుకుతయ్."

బండి కింద ఎప్పుడూ రెండు కుక్కలు పడుకుని ఉంటాయి. ఎస్తేర్ వాటి వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

విశ్వనాథం కండువా ముక్కు మీది నుంచి తీశాడు. "అమ్మాయ్, పిల్లిని తీసుకెళ్ళి దాచిపెట్టొచ్చు. కానీ అది దాక్కోవడానికి ఒప్పుకోవాలిగా? కొత్త ఇంట్లో మొదటి వారం తలుపులు వేసి ఉంచాలి, లేకపోతే పాత ఇంటికి పరుగెత్తుతుంది. ఆ వారమంతా ఊరు లేచిపోయేలా అరుస్తుంది. ఏం చేస్తావు?"

"చెప్త సారూ," అంది ఎస్తేర్.

"ఏమిటి?"

"పోయి ఆమెకే చెప్త."

"ఎల్లగొడితే?" అంది తారామణి.

"ఎల్లగొడితే ఇంకోటి సూస్త. లేరని మాత్రం చెప్ప. ఉన్నోళ్ళను లేరని ఎట్ల చెప్పాలె?"

తారామణి ఆ పిల్ల ముఖం చూసి మళ్ళీ కత్తి అందుకుంది. ఆ వారం కవరులో మామూలు కంటే ఎక్కువ తలలు వేసి కట్టింది.

మరునాడు బంద్. ఆటోలు కూడా లేవు. ఎస్తేర్ పొద్దున్నే నడక మొదలుపెట్టింది. నాచారం నుంచి హబ్సిగూడ, అక్కడి నుంచి ఉప్పల్. రోడ్డంతా ఖాళీ. కూడలిలో కాలిన టైర్ల నల్లటి మచ్చలు, ఎక్కడో డప్పుల మోత. దారి పొడుగునా ఒకే మాట నోట్లో తిప్పుకుంది. "అమ్మా, మా ఇంట్ల పిల్లులు రెండు ఉన్నయి." నాలుకకు ఆ "రెండు" అడ్డం పడుతూనే ఉంది. అయినా అనాలి, ఈసారి ఎవరికీ అనుమానం రాకుండా అనాలి అనుకుంటూ నడిచింది.

అవి బతుకమ్మ రోజులు. సందులోని ఆడవాళ్ళంతా సత్తమ్మ అరుగు మీద చేరి, తాంబాళాల చుట్టూ కూర్చుని తంగేడు, గునుగు పేరుస్తున్నారు. ఎస్తేర్‌ను చూడగానే సత్తమ్మ పసుపు చేతులతో లేచి వచ్చింది.

"ఏరి పిల్లలు? ఎంబడి తేలేదా? ఇగో, ముందు ఇటు సూడు."

మెట్లకు కొత్త ఇనుప గ్రిల్లు. రంగు ఇంకా ఆరలేదు. "పోరడు గోడలెక్కుతడంటివి గద. పడతడేమోనని పెట్టించిన. మా తిరుపతే తెచ్చిండు," అంది. అంతటితో ఆగలేదు. లోపలికి పోయి ఒక పూల గౌను తెచ్చింది. "రూతుకు. కొలత ఎరికలే, అందాజగ కుట్టించిన."

నడుచుకుంటూ వచ్చేటప్పుడు ఎస్తేర్ తలచుకున్నది కోపాన్నీ, తిట్లనూ. గౌను వస్తుందనుకోలేదు. అయినా వెనక్కి తిరగలేదు.

"అమ్మా. పిల్లలు కాదమ్మా. పిల్లులు."

"ఆఁ, పిల్లలే. ఏరి మరి?"

"పిల్లులమ్మా. మ్యావ్ అంటరు."

గునుగు పూలు పేరుస్తున్న చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ముందు ఎదురింటి పద్మావతి పుక్కుమంది. తర్వాత అరుగంతా గొల్లుమంది. ఒక ముసలమ్మకు పొలమారింది.

"సత్తవ్వా, ఆ గౌనుకు ఎనకసీర తోకకు తొర్ర పెట్టియ్యి!" అంది పద్మావతి.

"నువ్వు నోర్ముయ్!" అని అరిచి, సత్తమ్మ ఎస్తేర్ వైపు తిరిగింది. ముఖం కందగడ్డలా అయింది. "తల్లి లారీ కింద పడ్డదన్నవ్?"

"పడ్డదమ్మా."

"తండ్రెవరో ఎరికలేదన్నవ్?"

"పిల్లులకు ఎట్లెరికైతదమ్మా?"

అరుగు మళ్ళీ గొల్లుమంది. సత్తమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి నవ్వు నీళ్ళు కావు. "సందు సందుకు చెప్పుకున్న. దేవుని అర్రల నిలబడి ఏడ్సిన. పిల్లి కోసం ఏడ్సిన్నానే నేను?"

"ఏడ్వొచ్చమ్మా," అంది ఎస్తేర్. "నేను గూడ ఏడ్సిన."

ఆ మాటకు నవ్వులు తగ్గాయి. సత్తమ్మ మెట్ల మీద కూలబడి గౌను మడత పెట్టసాగింది.

"నీ తప్పేం లేదులే. ఆ బోరుబండిగాని తప్పు. నువ్వు నడ్సుకుంట వచ్చి నిజం చెప్పినవ్. ఇల్లు నీదే. పిల్లుల్ని మాత్రం యాడన్న ఇడిసిరా. మా వాడు పొద్దుగాల బండి తీసే యాళ్ళకు పిల్లి ఎదురొస్తే ఎట్ల? స్టీరింగు పట్టుకునేటోడు."

ఎస్తేర్ గుప్పిట విప్పి తాళంచెవిని మెట్టు మీద, సత్తమ్మ పక్కన పెట్టింది. "వాళ్ళు లేకుండ నేను రానమ్మా."

"ఈ సమ్మె దినాలల్ల నీకెవరిస్తరే ఇల్లు?"

"ఎరికలేదు. తిరుగుత."

పొలమారిన ముసలమ్మ మందలింపుగా అంది. "నీకీ పిల్లుల గోలెందుకు బిడ్డా? పెండ్లి చేసుకో. పిల్లలే పుడ్తరు."

మామూలుగా అయితే ఎస్తేర్ తలవంచుకుని వెళ్ళిపోయేది. ఆ రోజు కాళ్ళు నొప్పిగా ఉన్నాయి. అరుగు చివర, పూల బుట్ట పక్కన కూర్చుంది. ముసలమ్మకే చెబుతున్నట్టు మొదలుపెట్టింది. తల్లి మంచం, టిఫిన్ సంచి, దుప్పటి మడత, అన్నీ చెప్పింది. తల్లికి కాళ్ళ స్పర్శ పోతూ ఉన్నప్పుడు కూడా, ఏ పాదం దగ్గర ఎవరు పడుకున్నారో ఆమె బరువును బట్టి చెప్పేదని చెప్పింది. "డాక్టరు సూది గుచ్చినా తెలుస్తలేదని చెప్పేది. దావీదు లేచిపోతే మాత్రం, పిల్లగాడు యాడికి పోయిండే అని అడిగేది. ఇద్దరు అని అన్నది మా అమ్మనే. ఇయ్యాల తొవ్వ పొడుగున రెండు, రెండు అనుకుంట వచ్చిన. నోరు తిరుగుతలేదు. అందుకే మీరు తప్పు ఇన్నరు."

ముసలమ్మ గునుగు కట్ట సర్దుతూ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది. "మా అత్తగారింట్ల నల్ల పిల్లి ఉంటుండె. నేను కొత్తగ కాపురానికొచ్చినప్పుడు ఆ ఇంట్ల నాతోని మాట్లాడింది అదొక్కతే." పక్కనున్న ఇంకొకామె, తన తమ్ముడు పరీక్షకు పోతుంటే పిల్లి ఎదురొచ్చిందనీ, వాడు ఇంటికొచ్చి నీళ్ళు తాగి మళ్ళీ పోయాడనీ, అయినా ఫెయిలయ్యాడనీ చెప్పింది. "పిల్లేం జేస్తది, వాడు సదివితే గద!" మళ్ళీ నవ్వులు. ఈసారి నవ్వు వేరేగా ఉందని ఎస్తేర్ చెవికి తెలిసింది. తారామణి బండి దగ్గర వినిపించే నవ్వు అది.

సత్తమ్మ మాత్రం నవ్వలేదు. "ఎవరేమన్న చెప్పుండ్రి. నేను పెట్టుకోను," అంది.

అప్పుడు పద్మావతి చేతులు దులుపుకుని లేచింది. "అయితే ఫికర్ జెయ్యకు పిల్లా. మా మీది రూమ్ ఖాళీగనే ఉన్నది. ఎలుకలు మస్తున్నయ్. పట్టుకరా నీ ఇద్దర్ని."

సత్తమ్మ తల గిర్రున తిరిగింది. ఆ రెండిళ్ళ మధ్య నల్లా నీళ్ళ దగ్గర, చెత్తబుట్ట దగ్గర పాత లెక్కలు చాలా ఉన్నాయి.

"ఏందే? నా కిరాయిదార్ను నా అరుగు మీదనే గుంజుకపోతున్నవా?"

"నువ్వొద్దంటివి గద సత్తవ్వా."

"నేను ఒద్దంటి, కావాలంటి, అది నా ఇష్టం! మాటిచ్చింది నేను. గ్రిల్లు పెట్టించింది నేను. గౌను కుట్టించింది నేను. నడుమిట్ల నీదేంది?" సత్తమ్మ తాళంచెవి తీసి ఎస్తేర్ ఒళ్ళో పడేసింది. "పట్టుకో! దానింట్ల గోడలన్నీ నిమ్మెక్కినయ్. నీ పిల్లులకు సర్దయితది."

పద్మావతి నొచ్చుకోలేదు. పూల దగ్గర కూర్చుని, ఎస్తేర్‌కు మాత్రమే కనపడేలా ఒక కన్ను మూసి తెరిచింది.

"అయితే ఇను," అంది సత్తమ్మ, ఓడిపోయిన మాట బయటపడకుండా గొంతు పెంచి. "నా వంటింట్లకు రావద్దు."

"రారమ్మా."

"దేవుని అర్ర దిక్కు అసలే రావద్దు."

"రారు."

"పొద్దుగాల మావాడు పోయేదాక తాడేసి కట్టెయ్యి."

ఎస్తేర్ ఒక్క క్షణం ఆలోచించింది. ఒప్పేసుకుంటే అయిపోతుంది. తర్వాత కట్టకపోయినా ఎవరు చూడవస్తారు? కానీ తాడు వేస్తే పిల్లి ఎలా గింజుకుంటుందో ఆమెకు తెలుసు.

"కట్టెయ్యనమ్మా. తలుపేసి పెడ్త. తిరుపతన్న బండి సందు దాటినంకనే తీస్త. తాడు మాత్రం ఎయ్య."

"నోట్ల నాలికె లేదనుకున్న. కత్తిలెక్కనే ఉన్నది," అంది సత్తమ్మ. కానీ కాదనలేదు.

ఎస్తేర్ మీదికి పోయి గది చూసింది. తలుపు గట్టిదే. కిటికీకి చువ్వలున్నాయి గానీ, వాటి మధ్య నుంచి దావీదు తేలిగ్గా దూరిపోతాడు. మొదటి వారం వాళ్ళు ఈ గది దాటకూడదు. చువ్వలకు ఆనించి జానలతో అడ్డం, నిలువు కొలుచుకుంది. కొలత మరిచిపోకుండా వేళ్ళ కణుపుల మీద అనుకుంటూ మెట్లు దిగింది. దిగేటప్పుడు కొత్త గ్రిల్లు రంగు చున్నీకి అంటుకుంది. చూసుకోలేదు.

బంద్ సాయంత్రానికి సడలింది. ఉప్పల్ మెయిన్ రోడ్డులో షాపులు ఒక్కొక్కటిగా సగం షటరు లేపుతున్నాయి. తండ్రికి చెప్పాలి, గంపలు సంపాదించాలి, ట్రాలీ ఆటో మాట్లాడాలి. ముందు కిటికీ. ఒక హార్డువేర్ షాపు లోపల ఎవరో ఇనుము కోస్తున్నారు. నిప్పురవ్వలు, చెవులు పగిలే రొద. కౌంటరు ముందు ముగ్గురు మొగవాళ్ళు. షాపాయన ఆమె వైపు చూడటం లేదు. జాలీల చుట్టలు గోడకు ఆనించి ఉన్నాయి. ఎస్తేర్ చెయ్యి అటు లేవబోయి ఆగింది. వేలితో చూపిస్తే ఏది పడితే అది కోసిస్తాడు.

షటరు కింద వంగి లోపలికి పోయింది.

"అన్నా! పిల్లులకు జాలి గావాలె!" అంది, ఆ రొదను దాటేంత గట్టిగా.

షాపాయన తలెత్తాడు. "ఏ జాలమ్మా? దోమలదా, పిట్టలదా?"

"పిల్లులకు. ఇనుపది. గోర్లతోని గుంజినా తెగకుండ ఉండాలె."

ఆయన చుట్ట ఒకటి దొర్లించి విప్పాడు. ఎస్తేర్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, బలమంతా పెట్టి లాగి చూసింది.

"ఇంకా గట్టిది సూపియ్యి," అంది.